పదును సెలవు

అనంతపురం వెళ్ళొచ్చానని చెబితే మా కాకినాడ వీధిలో ముగ్గురు అడిగింది ఒకటే ప్రశ్న. "అయ్యో, ఎవరికి బాగోలేదు?" చుట్టాలు లేకుండా, పెళ్ళి లేకుండా, మొక్కు లేకుండా అంత దూరం ఎవరు పోతారని వాళ్ళ అనుమానం. ఎవరికీ ఏమీ కాలేదమ్మా, పని మీద వెళ్ళాను అంటే ఇంకా వింతగా చూశారు. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్‌కి అరవై రెండో ఏట కరువు సీమలో పనేమిటి? గుమ్మంలో నిలబడి వాళ్ళకి సగం సగం చెప్పిన సంగతి ఇక్కడ కుదురుగా కూర్చుని మొత్తం చెబుతాను.

ఎండలు మారాయి, వానలు మారాయి, బడులు మాత్రం పాత క్యాలెండరు పట్టుకునే నడుస్తున్నాయి. ఈ మార్పు గురించి పిల్లలకేం చెప్పాలి, బడులు తమ పద్ధతులు ఎలా సర్దుకోవాలి అని నాలుగు దేశాల వాళ్ళు కలిసి ఒక విధానపత్రం రాస్తున్నారు. ఆ ముసాయిదా పట్టుకుని ఇద్దరు విదేశీయులు అనంతపురం జిల్లాలో ఒక పల్లెబడి చూడటానికి వచ్చారు. వాళ్ళ ఇంగ్లీషును తెలుగులోకి, అక్కడి తెలుగును ఇంగ్లీషులోకి మార్చే దుబాసీ పని నాది. నిజం చెప్పొద్దూ, నాకు ఇంగ్లీషంటే భయం లేదు. సీమ తెలుగంటేనే కాస్త గుండె దడ.

అనంతపురం: మిరపకాయ బజ్జీ

ఇద్దరిలో ఒకరు మ్వెండే. కెన్యాలో ఎండిపోయే మెట్టప్రాంతం ఆవిడది. పాతికేళ్ళు అక్కడే హెడ్‌మిస్ట్రెస్‌గా చేసింది. నా ఈడుది, నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. రెండో ఆయన హెన్రిక్, డెన్మార్క్ మనిషి. పొడుగ్గా, తెల్లగా, మాట మాటకీ మధ్య ఆగి ఆలోచించే రకం. కారు నడిపేది మస్తాన్, అనంతపురం వాడు. దారిలో ప్రతి చెట్టుకీ ఒక కథ చెప్పేవాడు.

మొదటి పొద్దున మస్తాన్ మమ్మల్ని ఒక బండి దగ్గర ఆపి ఉగ్గాని తినిపించాడు. బొరుగులు, అంటే మన మరమరాలు, నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పసుపు, పుట్నాలపొడి వేసి కలిపిన ఉప్మా అనుకోండి. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అంతా కలిపి ముప్పై రూపాయలు. మా వైపు బజ్జీలో మిరపకాయ పేరుకి ఉంటుంది. అక్కడ మిరపకాయే ఉంటుంది, పిండి పేరుకి. నేను హెచ్చరించేలోపే హెన్రిక్ సగం కొరికేశాడు. ఇక చూడాలి ఆయన అవస్థ. కళ్ళలోంచి ధారలు.

"పెన్నలో లేని నీళ్ళు సార్ కండ్లల్లో ఉండాయి మేడం," అన్నాడు మస్తాన్. నేను దాన్ని తర్జుమా చేస్తే ఏడుస్తూనే నవ్వాడు హెన్రిక్. పాపం, మంచివాడే.

బత్తలపల్లె దారి: టీ

ఊరు దాటాక నేల విప్పుకుంది. మా గోదావరి జిల్లాల్లో చూపు ఎటు పోయినా కొబ్బరిచెట్టుకో, కాలువగట్టుకో తగులుతుంది. ఇక్కడ చూపుకి అడ్డమే లేదు. ఎర్రటి నేల, దున్ని సిద్ధంగా ఉంచిన చేలు, ఎక్కడో ఒక బండరాళ్ళ గుట్ట, దాని పైన పెద్ద ఆకాశం. దున్నిన సాళ్ళు కారుతో పాటు గిరగిరా తిరుగుతుంటే నాకు కునుకు పట్టింది. కునుకులో ఆ సాళ్ళన్నీ మా ఇంటి వెనక కాలువలో అలలయ్యాయి, నేను పడవలో ఎక్కడికో పోతున్నాను. మెలకువ వచ్చి చూస్తే ఇంకా అదే నేల, అదే ఎరుపు. ఎంతసేపు నిద్రపోయానో కూడా తెలియలేదు.

ముందు సీట్లో హెన్రిక్ ముసాయిదా తెరిచి చూపించాడు. కొన్ని వాక్యాలకి అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు ఉన్నాయి. ఏమిటండీ ఇవి అంటే, అన్ని దేశాలూ ఒప్పుకోని వాక్యాన్ని అలా కంచె వేసి ఉంచుతారట. అందరూ సరేనన్న రోజున కంచె తీస్తారు. కొన్నింటికి ఏళ్ళు పడుతుందని ఎంతో మామూలుగా చెప్పాడు.

బత్తలపల్లె దగ్గర టీకొట్టు ఆవిడ గ్లాసులు కడుగుతూ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"యాడినుంచి వచ్చినారప్పా వీళ్ళు?"

చెప్పాను. వానలు, ఎండలు మారడం గురించి బడుల్లో ఏం చెప్పాలో రాయడానికి అన్నాను.

"వాన గురించి రాసేకి ఇంత దూరం వచ్చినారా? వానే రాలేదు కదమ్మా!" అంది. "మృగశిర అట్లే పాయ. ఆరుద్ర కూడా పోతాండాది. రాసుకోండి, వాన రాలేదని రాసుకోండి." టీ మాత్రం అద్భుతం. పది రూపాయలకి అంత చిక్కటి పాలు మా ఊళ్ళో పోయరు.

పామిడి: బట్టలంగడి

రెండో రోజు పామిడి. ఆ ఊళ్ళో బట్టలంగళ్ళు ఎక్కువ. మ్వెండేకి ఒక దుప్పటి, నాకు రెండు నైటీలు కొందామని ఒక అంగట్లోకి వెళ్ళాం. శెట్టిగారు పెద్దాయన. బట్ట విప్పుతున్నాడు, మడుస్తున్నాడు, కానీ కళ్ళు మాత్రం వీధిలో ఆకాశం మీదే. పడమటి వైపు మబ్బు పట్టి ఉంది.

"బేరం తర్వాత, ముందు మబ్బు చూడండి అన్నట్టున్నారే?" అన్నాను.

"ఏం చేసేదమ్మా. పదును పడితే రెండు మూడు దినాలు మా అంగడికి ఈగ కూడా రాదు," అన్నాడాయన. "పడకపోతే సంవత్సరమంతా రాదు."

పదును అంటే ఏమిటో ఆయనే చెప్పాడు. వాన పడితే చాలదట. విత్తనం మొలవడానికి సరిపడా తడి నేల లోపలికి దిగాలి. అదీ పదును. అది పడ్డాక ఎండ కాస్తే రెండు రోజులు, మహా అయితే మూడు. ఆలోపు చెనక్కాయ, అదే మన వేరుశెనగ, విత్తితే విత్తినట్టు, లేకపోతే ఇంకో వాన కోసం చూడాలి. ఇంకో వాన వస్తుందని ఎవరూ పూచీ పడరు. మా వైపు వాన అంటే గొడుగు, బురద, ఆరని బట్టలు. కాలువలో నీళ్ళు ఎవరో పైనుంచి వదులుతారు, తేదీ పేపర్లో వేస్తారు. వానతో పందెం వేసుకుని పరుగెత్తే బతుకు నాకు తెలియదు.

మ్వెండే తల ఊపింది. వాళ్ళ ఊళ్ళో కూడా మొదటి వాన పడితే ప్రార్థన సగంలో ఆపి వెళ్ళిపోతారట.

సాయంత్రం పెన్న వంతెన మీద కారు ఆపించాం. కింద నది లేదు, ఇసుక ఉంది. గాలి హఠాత్తుగా చల్లబడింది. అవతలి గట్టు మసకబారి కనబడకుండా పోయింది, ఆ మసక నడుచుకుంటూ మా వైపే వచ్చింది. మొదటి చినుకులు వంతెన మీద దుమ్ములో అచ్చులు వేశాయి. నా జన్మంతా వానలోనే గడిచింది, కానీ ఆ వాసన మాత్రం నేనెప్పుడూ ఎరగను. మేం ముగ్గురం తడుస్తూ నిలబడ్డాం. మ్వెండే కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో ఏదో గొణుక్కుంటోంది. మస్తాన్ మాత్రం వంతెన దిగి, రోడ్డు పక్క నేలలో వేలు గుచ్చి చూసి, పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మీ కాలు మంచిది మేడం! మీరొచ్చినారు, వానొచ్చినాది!"

నా కాలు గురించి ఇంత మంచిమాట మా అత్తగారు కూడా ఏనాడూ అనలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

బెళుగుప్ప వైపు: స్వాగత సభ

మూడో రోజు మేం చూడాల్సిన బడి బెళుగుప్ప దాటాక ఒక చిన్న పల్లెలో ఉంది. దారి పొడుగునా గాలిమరలు. తెల్లగా, ఎత్తుగా, ఎవరికీ తొందర లేదన్నట్టు తిరుగుతున్నాయి. వాటి కింద మాత్రం అందరికీ తొందరే. ప్రతి చేలో ఎద్దులో, ట్రాక్టరో. ఆడవాళ్ళు కొంగు బిగించి, ఒళ్ళో విత్తనాలు పోసుకుని నాగలి వెనక నడుస్తున్నారు. తడిసిన ఎర్రమట్టి ముదురు కుంకుమ రంగులో మెరుస్తోంది. పల్లెలోకి వెళితే వీధులు ఖాళీ. ఒక కుక్క, రెండు కోళ్ళు.

బడి మాత్రం కిటకిటలాడుతోంది. పిల్లలంతా ఇస్త్రీ యూనిఫారాల్లో వరసగా నిలబడ్డారు. వాకిట్లో రాత్రి వానకి కరిగిపోయిన ముగ్గు మళ్ళీ పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ సరోజ టీచర్ మాకు ఎదురొచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నగా, చురుగ్గా ఉంది. ఈమె కోసమే మేం అంత దూరం వచ్చింది.

సంగతేమిటంటే, పదును పడిన రోజు ఈ బడికి పిల్లలు రారు. తల్లిదండ్రులు చేలకి పోతారు, పిల్లలు చంటివాళ్ళని చూసుకోవాలి, లేదా అమ్మ వెనక పోవాలి. హాజరు పడదు. వలస పోయి వచ్చే పిల్లలకి అసలే హాజరు తక్కువ, ఈ రోజులూ పోతే పేరు కొట్టేసే ప్రమాదం. అందుకని టీచర్ తనే పదును రోజున బడికి సెలవిచ్చి, ఆ రోజుల్ని ఆదివారాలు నడిపి పూడ్చేది. దానికి పదును సెలవని పేరు. పోయినేడు పై అధికారి ఒకాయన వచ్చి చూస్తే బడికి తాళం ఉంది. మెమో ఇచ్చాడు. మళ్ళీ ఇలా చేస్తే వేరే ఊరికి బదిలీ చేస్తామన్నాడు. ఆమె పదహారేళ్ళుగా పనిచేస్తున్న బడి. ఆ మెమో ఎవరో ఫోటో తీసి పంచితే అది తిరిగి తిరిగి మ్వెండే దాకా చేరింది. ఈ పద్ధతి విధానపత్రంలో ఒక వాక్యంగా ఎక్కితే, టీచర్ చేసింది తప్పు కాదని చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

బొట్టు పెట్టారు, దండలు వేశారు. ఆకులో వేడి ఓళిగలు, నెయ్యి. మా బొబ్బట్లేగానీ చేటంత వెడల్పు, కాగితమంత పల్చన. వంట చేసింది అంగన్‌వాడీ ఆవిడ. మా కోసం ఆ రోజు అంగన్‌వాడీ మూసేసి వచ్చిందని ఎంతో గొప్పగా చెప్పింది. నేనూ గొప్పగానే విన్నాను. ఇంకో ఓళిగ కూడా వేయించుకున్నాను. నా బుద్ధికి ఏమైందో, ఆ పొద్దున చేలల్లో చూసిన తొందరనీ, ఇక్కడ కట్టేసినట్టు నిలబడ్డ పిల్లల్నీ కలిపి చూడనే లేదు.

పదిన్నరకి సభ మొదలైంది. ఏడో తరగతి గంగ ఇంగ్లీషులో స్వాగతం చెప్పింది. "మా ఊళ్ళో పదును పడినప్పుడు మా బడికి సెలవు. ఎందుకంటే తడి ఎవరి కోసమూ ఆగదు," అని చూడకుండా అప్పజెబుతూ మాటమాటకీ కిటికీ వైపు చూస్తోంది ఆ పిల్ల. హెన్రిక్ రాసుకుంటున్నాడు. నేను చప్పట్లు కొట్టాను.

అప్పుడు వచ్చింది ఓబుళమ్మ. గంగకి నాయనమ్మ. అరవై దాటి ఉంటాయి, చంకలో ఏడాదిన్నర మనవడు, మోకాళ్ళ దాకా మట్టి. తిన్నగా సభలోకి నడిచొచ్చి ఆ పసివాణ్ణి మా బల్ల మీద, ముసాయిదా కాగితాల మీద కూర్చోబెట్టింది. వాడు వెంటనే మైకు అందుకున్నాడు.

"ఏమమ్మా టీచరమ్మా! అర్ధగంట అంటివి. పొద్దు నెత్తికెక్కినాది. తిప్పన్న ఎద్దులు రెండింటి దాకే నాకు. రేపు ఇంగొకరి వంతు. ఈ బిడ్డను ఎత్తుకోని నేను సాల్లో ఇత్తనం ఎట్ల ఏసేది? కింద పెడితే ఎద్దుల కాళ్ళకాడికి పోతాండాడు. అంగనవాడి మూస్తిరి. నా మనవరాల్ని ఈడ నిలబెడితిరి. మీ మాటలు రేపుంటాయి. నా పదును రేపుంటాదా?"

సరోజ టీచర్ మొహం చూడలేకపోయాను. విదేశీయులిద్దరూ నా వైపు తిరిగారు, ఏమంటోందని. నేను ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను. చెబుతుంటే నోట్లో ఓళిగ తీపి ఇంకా ఉంది, సిగ్గేసింది.

"ఎందుకమ్మా ఇవాళ బడి పెట్టావు?" అనడిగాను టీచర్ని, మెల్లగా.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "సముద్రాలు దాటి వచ్చినారు మేడం. పిల్లోల్లు లేని బడి చూపిస్తే ఏమనుకుంటారు? ఊరోళ్ళని నేనే బతిమాలుకున్నా. టీచరమ్మ కోసం ఒక్క పూట అంటే కాదనలేకపోయినారు."

ఏ సెలవు కోసం మెమో తిందో ఆ సెలవుని మా మర్యాద కోసం తనే రద్దు చేసింది. ఊళ్ళో బడిపిల్లలున్న ప్రతి ఇల్లూ మా కోసం పదును పోగొట్టుకుంటోంది. కాలు మంచిదని మురిసిపోయిన నాకు తల కొట్టేసినట్టయింది.

ముందు కదిలింది మ్వెండే. నిన్న పామిడిలో కొన్న దుప్పటి సంచిలోంచి తీసి, పసివాణ్ణి ఎత్తి వీపుకి చుట్టుకుని, ముందు ముడి వేసింది. ఎంత సునాయాసంగా అంటే ఓబుళమ్మ నోరు తెరిచింది. వాడు రెండు క్షణాలు ఏడుద్దామా వద్దా అని ఆలోచించి ఊరుకున్నాడు.

"చేను ఎక్కడ?" అంది మ్వెండే. టీచర్ కళ్ళు తుడుచుకుని లేచి ఇంటిగంట కొట్టింది. అలాంటి గంట మోత నేను ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో వినలేదు. పిల్లలు వాకిట్లో ముగ్గు తొక్కుకుంటూ పరుగెత్తారు.

ఓబుళమ్మ చేను

నాలుగెకరాలు. తిప్పన్న నాగలి పట్టాడు, వెనక సాల్లో ఓబుళమ్మ గింజలు వేస్తూ నడిచింది. నేనూ సాయం చేస్తానని ఒళ్ళో విత్తనాలు పోసుకున్నాను. పది అడుగులు వేశానో లేదో వెనక్కి తిరిగి కేకేసింది.

"అమ్మా! ఇత్తనాలు ఏస్తాండావా, కోళ్ళకు చల్లుతాండావా?"

విత్తనాలు వెనక్కి తీసేసుకుంది. పోయి చెట్టు కింద కూర్చున్నాను.

గట్టు మీద కానుగ చెట్టు ఒకటుంది. ఆ నీడలోనే మిగతా సభ జరిగింది. హెన్రిక్ పెన్సిలు తీసి నేలలో నిలువునా గుచ్చాడు. పైనుంచి కిందదాకా తడి మట్టి అంటుకుని వచ్చింది. టైము రాసుకున్నాడు. తర్వాత మెల్లగా తన అభ్యంతరం చెప్పాడు. పొలం పనుల కోసం బడి మూయొచ్చని రాస్తే, పిల్లల చేత పని చేయించడానికి అనుమతి ఇచ్చినట్టే అవుతుంది. మా దేశం అడిగే మొదటి మాట అదే. నేను దీనికి తల ఊపలేను అన్నాడు.

నేను తెలుగులో చెప్పగానే సరోజ టీచర్ చివాల్న తలెత్తింది.

"పిల్లోల్లు పని చేయల్లని నేనెప్పుడు చెప్పినా సార్? బడి పెట్టినా వాళ్ళు రారు. రాని దినాలు వాళ్ళ పేరు మీద పడతాయి. పేరు కొట్టేస్తే ఆ పిల్ల మళ్ళా బడికే రాదు, అప్పుడు నిజంగానే పనికి పోతాది. నేను కాపాడేది పొలాన్ని కాదు. పిల్లని."

హెన్రిక్ గంగని పిలిచి అడిగాడు. సెలవిస్తే నువ్వేం చేస్తావు?

"తమ్ముణ్ణి ఎత్తుకుంటా," అంది గంగ. మ్వెండే వీపు మీద నిద్రపోతున్న తమ్ముణ్ణి చూసి, "ఈ పొద్దు ఆ పని కూడా లేదు" అని నవ్వింది.

మ్వెండే అటూ ఇటూ నడుస్తూనే వాక్యం కట్టింది. మెట్టభూముల బడులు, విత్తే వాన పడిన రోజుల్లో సెలవిచ్చి, ఆ రోజుల్ని తర్వాత పూడ్చుకోవచ్చు, ఆ సెలవు పిల్లల చేత పని చేయించడానికి కాదు. హెన్రిక్ వాక్యం అంతా రాశాడు. ఆ పెన్సిల్‌తోనే.

గాలి వీస్తోంది. దూరంగా గాలిమరలు తిరుగుతున్నాయి. ఎద్దుల మెడగంటలు దగ్గరికొస్తున్నాయి, దూరమవుతున్నాయి, మళ్ళీ దగ్గరికొస్తున్నాయి. ఆ లయలో నాకు కాలం తెలియలేదు. ఆ మధ్యాహ్నం అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది, ఎద్దులు ఆగకుండా, పొద్దు వాలకుండా.

రెండింటికి తిప్పన్న కాడి విప్పాడు.

"ఇంగొక రెండు గంటలుండప్పా," అంది ఓబుళమ్మ.

"ఉండేకి కాదు పెద్దమ్మా. ఆడ ముగ్గురు కాచుకోనుండారు. వాళ్ళకీ పదునే కదా." అతని తప్పు లేదు. చేను సగమే అయింది.

హెన్రిక్ విత్తని సగంలోకి వెళ్ళి మళ్ళీ పెన్సిలు గుచ్చాడు. ఈసారి పైన ఒక వేలి మందం పొడిమట్టి రాలిపోయింది. అక్కడే గొంతుక్కూర్చుని చాలాసేపు ఆ పెన్సిల్నే చూశాడు. ఎండ చురుక్కుమంటోంది. మర్నాటికి తడి ఇంకా దిగిపోతుంది, ఎల్లుండికి దుమ్మే.

ఓబుళమ్మ మ్వెండే వీపు మీంచి మనవణ్ణి తీసుకుంటూ ఆ ముడి ఎట్ల వేసేదో ఇంకోసారి చూపించమంది. మ్వెండే చూపించి, దుప్పటి ఆమెకే ఇచ్చేసింది.

మళ్ళీ అనంతపురం

నాలుగో రోజు పట్నంలో చిన్న గదిలో కూర్చుని మిగతా రెండు దేశాల వాళ్ళతో వీడియోలో మాట్లాడారు. మ్వెండే వాక్యం చదివింది. హెన్రిక్ తను చూసింది చెప్పాడు, పెన్సిలు సంగతి కూడా. అయినా తన దేశం తరఫున ఒప్పుకునే అధికారం తనకి లేదన్నాడు, ఇంటికెళ్ళి అడగాలన్నాడు. ఇంకో దేశం కూడా అదే మాట. వాక్యం చుట్టూ కంచె పడింది.

సభ అయ్యాక నాకు ఒళ్ళు మండి హెన్రిక్‌ని అడిగేశాను. అంతా చూసి కూడా ఇదేమిటండీ అని. ఆయన కోప్పడలేదు. "కొట్టేయలేదు కదా, ఉంచాం," అన్నాడు. ఆ మాట నాకు ఏమాత్రం ఓదార్పు కాలేదు.

టీచర్‌కి ఫోన్ చేసి చెప్పాను. "ఉండాది కదా మేడం కాగితంలో? సగమన్నా ఉండాది కదా," అంది.

కాకినాడ: రెండు ఫోటోలు

ఇంటికొచ్చి అప్పటికి మూడు వారాలు. మా వీధిలో మోకాలి లోతు వాన నీళ్ళు, ఇంట్లో ఆరని బట్టలు, తిట్టుకుంటూ కూర్చున్నాను. సరోజ టీచర్ వాట్సాప్‌లో ఫోటో పంపింది. ఓబుళమ్మ చేను. ఫోటో సగంలో పచ్చటి చెనక్కాయ మొలకలు వరసలు వరసలుగా. రెండో సగం బోడి ఎర్రనేల. రెంటికీ నడుమ హద్దు గీత గీసినట్టు తిన్నగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఎద్దులు ఆగింది అక్కడే.

ఆ బోడి సగమెంతో నేను లెక్క కట్టుకున్నాను. మా దండలంత, మా బొట్లంత, నేను తిన్న రెండు ఓళిగలంత. ఏడుపొచ్చింది. వెంటనే టీచర్ నంబరుకి ఫోన్ చేస్తే, పక్కనే ఉందేమో, ఓబుళమ్మే తీసుకుంది.

"మస్తాన్ అన్నట్ల నీ కాలు మంచిదేలేమ్మా," అంది, నేను నోరు తెరవకముందే. "మీ సభే మంచిది కాదు. మళ్ళా రాండి, వాన లేనప్పుడు రాండి."

మరి ఆ సగం ఏం చేస్తావు ఓబుళమ్మా అంటే, ఇంకో వానొస్తే ఉలవలు చల్లుతానంది. రాకపోతే? "రాకపోతే లేదు," అంది. టీచర్ ఫోన్ తీసుకుంది. ఈసారి పదును పడితే ఏం చేస్తావు, ఆ వాక్యం ఇంకా తేలలేదు, మెమో ఇస్తే నీ చేతిలో ఏ కాగితమూ లేదు కదా అన్నాను. ఆమె, గంగ ఇంగ్లీషు బాగా చదువుతాందని చెప్పి పెట్టేసింది.

పోయిన బుధవారం పొద్దున తొమ్మిదింటికి రెండో ఫోటో వచ్చింది. బడి తలుపు. దానికి తాళం. వాకిట్లో నీళ్ళు నిలిచి, వాటిలో మబ్బు. తలుపు మీద సుద్దముక్కతో, గంగ గుండ్రటి రాతలో రెండు మాటలు: "పదును పడినాది. బడి ఆదివారం ఉంటాది." కింద సరోజ టీచర్ పూర్తి పేరు, హోదా, సంతకం. దాచుకునే ఉద్దేశమే లేనట్టు.

ఆ ఫోటోని ఉన్నదున్నట్టు హెన్రిక్‌కీ, మ్వెండేకీ పంపాను. మ్వెండే నుంచి ఒక ఎర్ర గుండె వచ్చింది. హెన్రిక్ మాత్రం ఎప్పటిలాగే కాసేపు ఆగి, తలుపు మీద ఏం రాసి ఉందని అడిగాడు.

బ్రాకెట్లలో ఉన్న వాక్యమే, అని రాశాను.